తమ్ముడి కన్నా ఎలుక నయం

అయ్యలారా, అమ్మలారా! మూర్ఛ అంటూ రాసిపెట్టి ఉంటే అది ప్రయోగశాలలో చిట్టెలుకకే రావాలి. మనిషి తెచ్చుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు!

నమ్మరా? మూర్ఛకు మందు కనిపెట్టే ఒక పరిశోధకురాలి సంగతి వినండి. ఆవిడ పని చిత్రమైనది. తన మానాన గింజలు కొరుక్కునే చిట్టెలుకకు ముందు మూర్ఛ తెప్పించాలి, ఆ తర్వాత మందుతో ఆపాలి. గిల్లి జోకొట్టడమన్నమాట!

కానీ ఆ ఎలుకకు జరిగే మర్యాదలు చూడాలి! గదిలో ఉక్క పోయకూడదు, చలి తగలకూడదు. తలుపు ధడాలున వేసినవాడికి చీవాట్లు. అది పడిపోతే కెమెరా రెప్ప వేయకుండా చూస్తుంది, తెల్లకోట్లు ఊపిరి బిగబట్టి నిలబడతాయి. నోట్లో చెంచా కుక్కేవాడు ఒక్కడూ ఉండడు! 'దీనికి గాలి సోకింది' అని పక్క ఎలుక మొహం తిప్పుకోదు. ఆఖరికి తల కోస్తారు, నిజమే. అయితేనేం? ఎలుక తలలో ఏముందో కోసైనా చూస్తారు. మనిషికైతే చూడకుండానే తేల్చేస్తారు!

ఆవిడకు ఒక తమ్ముడు. కేకుల దుకాణంలో క్రీముతో పేర్లు రాస్తాడు. అక్షరాలు ముత్యాలే. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. అక్క ఈ చదువు చదివిందే అతని కోసం. మందులు మింగుతున్నా అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది.

ఒకరోజు కొత్త మందు వేసిన ఎలుకల్లో ఒక్కటీ పడలేదు. ల్యాబంతా చప్పట్లు! సరిగ్గా ఆ మధ్యాహ్నమే తమ్ముడు దుకాణంలో పడ్డాడు. ఎవరో పుణ్యాత్ముడు నోట్లో చెంచా దూర్చాడు. పన్ను విరిగింది. యజమాని "రెస్ట్ తీసుకో" అన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు.

మర్నాడు అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది.

"మీరు ఎలుకలకి తగ్గిస్తారటగా! మీవాడు గొప్పగా చెబుతుంటాడు. ఆ మందేదో వీడికీ వేసెయ్యండి," అన్నాడు యజమాని.

"మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందండీ. ఎలుకల దగ్గర గెలిచినవి చాలావరకు దారిలోనే ఓడిపోతాయి."

"అయితే తగ్గాకే రమ్మనండి."

ఎలుకల గదిలో గుసగుసగా తప్ప మాట్లాడని మనిషి ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఈలోపు పడితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలకీ ఆగకపోతే అంబులెన్సుని పిలవండి. ఇందులో మీకు చేతకానిదేముంది?"

యజమాని నసిగాడు. "సరే, రానివ్వండి. కానీ ఈ సంగతి బయటికి పొక్కకూడదు. కస్టమర్లు బెదిరిపోతారు."

"చెప్పకపోతే నన్ను పక్కకి తిప్పేదెవరు సార్?" అన్నాడు తమ్ముడు. పోతే పోయింది ఉద్యోగమని, క్యూలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అక్కడే చెప్పేశాడు. ఒకరిద్దరు మెల్లగా జారుకున్నారు. కౌంటర్‌లో కూర్చునే పెద్దావిడ మాత్రం, "ఎటువైపు తిప్పాలన్నావమ్మా? మళ్లీ చెప్పు," అంది.

కొన్నాళ్లకు మళ్లీ పడ్డాడు. కేకు మీద పేరు సగంలో ఉంది. పెద్దావిడ అతన్ని పక్కకు తిప్పి, తన శాలువా మడిచి తల కింద పెట్టింది. తేరుకుని, కాసేపు నడుం వాల్చి లేచి, పేరు పూర్తి చేశాడు. అప్పటిదాకా కాచుకుని కూర్చున్న కస్టమర్ కేకు చూసి మండిపడ్డాడు.

"ఏమయ్యా! మా ఆవిడ పేరులో దీర్ఘం మింగేశావు. ఇదేనా నీ పనితనం?"

"పాపం, ఇందాకే అతనికి..." అంటూ యజమాని అడ్డొచ్చాడు.

"నేనూ చూశాగా! అయితే మాత్రం దీర్ఘం ఎవడు పెడతాడు? ఈ కేకుతో ఇంటికెళ్తే మూర్ఛ నాకొస్తుంది!"

తమ్ముడు దీర్ఘం పెట్టి, అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, ఇవాళ పడ్డాను. లేచాక, దీర్ఘం మింగేశానని ఒకాయన చెడామడా తిట్టాడే!" గొంతు నిండా సంబరం. ఎలుకల పెట్టెల మధ్య నిలబడి, ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, పాఠకులారా. ఎన్ని మర్యాదలు జరిగితేనేం, దీర్ఘం తప్పిందని ఏ ఎలుకనైనా ఎవరైనా తిట్టారా?