మా ఇంటి సింహానిక్ మెటల్

మధ్యాహ్నం నిద్రంటే మీకు చులకనేమో గానీ, రొయ్యల మేత అమ్ముకునేవాడికి అది ప్రాణంతో సమానం. తెల్లారకుండానే చెరువుగట్ల మీద పడి, రైతులతో అరిచి అరిచి, ఇంటికొచ్చి ఇంత చేపల పులుసు కలుపుకుని తిని, నడవలో ఫ్యాను కింద నడుం వాల్చానంటే ఐ.పోలవరంలో నన్ను మించిన జమీందారు ఉండడు.

అరవక తప్పదు లెండి. చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు గిర్రున తిరుగుతుంటే మామూలు గొంతు ఎవడికి వినిపిస్తుంది? అలా అరవగా అరవగా నా గొంతు డీజిల్ ఇంజనులా తయారైంది. ఊళ్ళో నన్ను జనరేటర్ మాణిక్యాలరావు అంటారు. కరెంటు పోయినప్పుడు నేను ఫోనులో మాట్లాడితే, పక్కింటివాళ్ళు జనరేటర్ వచ్చిందనుకుని ఫ్యాను స్విచ్చి వేసుకుంటారని మా ఆవిడ బుజ్జమ్మ అందరికీ చెబుతుంది.

అంతర్వేది నరసింహస్వామి కల్యాణం దగ్గరపడేసరికి నా నిద్రకి గండం వచ్చింది. బుజ్జమ్మ మహిళా భజన మండలిలో సభ్యురాలు. ఆ మండలికి పెద్ద సత్యనారాయణమ్మగారు. ఊళ్ళో అందరూ శ్రుతి సత్యనారాయణమ్మ అంటారు. ఎవరేం పాడినా ఆవిడకి శ్రుతి తప్పినట్టే ఉంటుంది. మా ఇంట్లో కుక్కరు కూత వేస్తే "అర శ్రుతి తగ్గిందమ్మా" అన్న మనిషి ఆవిడ.

వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారని భజన ప్రాక్టీసు మా ఇంటికి మారింది. సరిగ్గా నేను పడుకునే వేళకి హార్మోనియం, డోలకు, తాళాలు దిగేవి.

"ఏమే బుజ్జీ, దేవుడికి చెముడా? ఎందుకలా వాయిస్తారు?" అన్నాను.

"దేవుడికి చెముడు లేదండి. మీ గురక దాటి మా పాట మాకు వినపడాలి కదండీ" అంది.

"పోనీ నన్నెక్కడ పడుకోమంటావు?"

"మేత కొట్లో బస్తాలున్నాయి కదండీ. మెత్తగా ఉంటాయి."

సత్యనారాయణమ్మగారికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆవిడ భర్త వెంకటరాజుగారు మా కొట్టుకి పెద్ద ఖాతాదారు. అందుకని నోరు మూసుకుని బుర్రకి పని పెట్టాను. నా బుర్రకి పని పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి తగలబడుతుందని బుజ్జమ్మ అభిప్రాయం.

అప్పుడే మా బావమరిది వీరబాబు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అందరికీ సబ్బులూ సెంట్లూ పంచి, నా చేతిలో మాత్రం ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"మా సూపర్‌వైజరు ఇచ్చేరు బావగారూ. వాళ్ళది ఫిన్లాండు. వాళ్ళ దేశం బ్యాండు ఆల్బమ్‌లు మొత్తం ఉన్నాయి. సింఫనిక్ మెటల్ అని ఒక రకం సంగీతం. మీరు వినాలి."

నాకు 'సింహానిక్ మెటల్' అని వినపడింది. మాకు మెటల్ అంటే రోడ్డు మీద పోసే కంకర. సింహానికీ కంకరకీ సంబంధం ఏమిటో అర్థం కాక, తలూపి జేబులో వేసుకున్నాను.

మర్నాడు కొట్లో టీవీకి తగిలించి చూశాను. బ్యాండు పేరులో అక్షరాలు ఎక్కువ, నోరు తిరిగే చోటు తక్కువ. ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో బొమ్మ. ఒక దాని మీద మంచులో తోడేలు, ఇంకో దాని మీద మునిగిపోతున్న ఓడ, మరో దాని మీద ఎర్రజుట్టు ఆవిడ తెల్లగౌను వేసుకుని సముద్రంలోకి చూస్తూ నిలబడింది. మా బుజ్జమ్మ కూడా నేను స్నేహితులతో చేపల వేటకెళ్ళి ఆలస్యం చేస్తే అలాగే చూస్తుంది.

పాట పెట్టాను. మొదట వయొలిన్లు. పెళ్ళి వీడియోలా హాయిగా ఉంది. తర్వాత వందమంది కలిసి పాడినట్టు కోరస్. గుడి అనుకున్నాను. అంతలో డ్రమ్ములు మొదలయ్యాయి. టిప్పరు లారీ కంకర దింపేసినట్టే ఉంది. ఇదన్నమాట మెటల్ అనుకున్నాను. ఆ కంకర మీద నిలబడి ఆవిడ గొంతెత్తింది. ఎత్తింది, ఇంకా ఎత్తింది, ఇక తెగుతుందిరా అనుకున్న చోట ఇంకో మెట్టెక్కింది. అది ఆగీ ఆగగానే ఒక మగవాడు గర్జించాడు. స్పీకరు పేలిందనుకుని ప్లగ్గు పీకేశాను.

ఇది భక్తి పాటా? ఏడుపా? మొగుడూ పెళ్ళాల తగాదా? తేల్చుకుందామని మళ్ళీ పెట్టాను. తేలలేదు. ఇంకో ఆల్బమ్ పెట్టాను. అందులో వేణువు కూడా కలిసింది, గందరగోళం ఇంకా పెరిగింది. మేత కోసం వచ్చిన సుబ్బరాజు గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరికైనా ఒంట్లో బాలేదాండీ లోపల?" అని అడిగి వెళ్ళిపోయాడు.

అతను అలా వెళ్ళిపోవడం చూడగానే నాకు ఉపాయం తట్టింది. బస్తా కొనడానికొచ్చినవాడే పారిపోతే, భజన చేసుకునే ఆడవాళ్ళు నిలుస్తారా?

మర్నాడు మా పెరటిగదిలో కిటికీ పక్కన, గుడ్డ కప్పి, మైకు సెట్టు వాళ్ళ దగ్గర తెచ్చిన పెద్ద స్పీకరు పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో పాటలు ఫోనులోకి ఎక్కించి, ఫోనుని స్పీకరుకి కలిపి, ఏమీ తెలియనట్టు నడవలో పడుకుని కళ్ళు మూసుకున్నాను.

భజన మొదలైంది. బుజ్జమ్మ గొంతెత్తింది. వెంటనే సత్యనారాయణమ్మగారు చేత్తో ఆపేశారు.

"కింద పట్టమ్మా బుజ్జమ్మా, కింద పట్టు. నువ్వలా పైపైకి పోతే మేమెవరం అందుకుంటాం చెప్పు? ఎన్నిసార్లు చెప్పేను నీకు?"

"కిందకి పట్టుకుంటే నాకు గొంతు రాదండి" అంది బుజ్జమ్మ.

"అయితే ఈసారి అంతర్వేదిలో నువ్వు పాడొద్దులే. తాళాలు వాయించు, చాలు."

బుజ్జమ్మ తలూపింది. నాతో మాటకి మాట అప్పజెప్పే మనిషి ఊరుకోవడం నాకు కొత్త. కళ్ళు కొద్దిగా తెరిచి చూశాను. తాళాలు చేతిలోకి తీసుకుని, వాటి తాడు సవరిస్తోంది. ఎంతసేపు సవరించినా ఆ తాడు ఆవిడకి సరిపడలేదు. అయినా నిద్ర నిద్రే కదా. ఫోను మీద వేలు నొక్కాను.

వయొలిన్లు, కోరస్, ఆ వెనకే కంకర లారీ. అటక మీద ఇత్తడి బిందెలు గణగణలాడాయి. గర్జన వచ్చేసరికి హార్మోనియం ఠక్కున ఆగిపోయింది. ఇక కేకలు పెట్టుకుంటూ పారిపోతారని చెవులు రిక్కించాను.

అడుగుల చప్పుడు లేదు. ఎర్రజుట్టావిడ పాడుతోంది, ఇంట్లో ఇంకో శబ్దం లేదు. మెల్లగా లేచి తొంగిచూశాను. ఆడవాళ్ళందరూ లేచి నిలబడి పెరటిగది వైపు చేతులు జోడించి ఉన్నారు.

సత్యనారాయణమ్మగారి కళ్ళలో నీళ్ళు! "వింటున్నారా అమ్మా? ఆ గర్జించేది ఉగ్రనరసింహుడు. పైన పాడేది లక్ష్మీదేవి. శాంతించు స్వామీ అని బతిమాలుకుంటోంది."

"ఏ భాషండీ ఇది?" అంది డోలకు వాయించే బేబీ.

"మనకి ఒక్క ముక్క అర్థం కావట్లేదంటే సంస్కృతమే అయ్యుంటుంది."

అని, ఆవిడ నావైపు తిరిగారు. "మాణిక్యాలరావుగారూ, ఏంటండి ఇది? ఎక్కడిది?"

నాకు అబద్ధం తట్టలేదు, నిజమూ తట్టలేదు. "సింహానిక్ మెటల్ అండి" అన్నాను.

"చూశారా! సింహానిక్ అంట! నేను చెప్పలా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో భజనకి ముందు ఆల్బమ్ శ్రవణం మొదలైంది. ఒక్కో రోజు ఒక్కో ఆల్బమ్. మునిగిన ఓడ బొమ్మ చూసి సత్యనారాయణమ్మగారు గజేంద్రమోక్షం అన్నారు. తోడేలు బొమ్మ చూసి కాసేపు ఆలోచించి, హిరణ్యకశిపుడి కుక్క అన్నారు. ఇది ఫిన్లాండు దేశం వాళ్ళ పాటండీ, వాళ్ళకి నరసింహుడు తెలీదండీ అని నేను చెప్పబోతే, "స్వామి స్తంభంలో ఉన్నవాడు ఫిన్లాండులో ఉండడాండి?" అని నా నోరు మూయించారు.

ఒక రోజు పాట అయ్యాక సత్యనారాయణమ్మగారు కళ్ళు తుడుచుకుని మెల్లగా అన్నారు, "అమ్మవారి గొంతు అంత పైన ఉంటే, మనం ఇన్నాళ్ళూ కింద పట్టుకుని కూర్చున్నామమ్మా. బుజ్జమ్మా, తాళాలు పక్కనపెట్టి నువ్వు పాడు. ఎంత పైకి పోతావో పో. నేను ఆపను."

బుజ్జమ్మ పాడింది. మొదట భయపడుతూ, ఆ తర్వాత భయం మరిచిపోయి. వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోందండీ" అని పిలిచే గొంతేనా ఇది? ఇంత గొంతు ఈ ఇంట్లో ఎక్కడ పట్టింది ఇన్నాళ్ళూ?

అంతా అయ్యాక ఎవరో అన్నారు, "అంతర్వేదిలో మనమూ ఇలాగే పాడాలంటే, అమ్మవారు దొరికేరు గానీ, గర్జించే సింహం ఏదండీ?"

బేబీ ప్రయత్నించింది. తలుపుకింద తోక పడ్డ పిల్లిలా ఉంది. ఇంకొకావిడ ప్రయత్నించి దగ్గుతెర వచ్చి మంచినీళ్ళు తాగింది. ఈ గోలకి నా ఓపిక చచ్చి నడవలోంచి అరిచాను. "ఇక ఆపండమ్మా తల్లీ! మనిషన్నవాడు పడుకోవాలా వద్దా!"

అటక మీద బిందె ఒకటి కిందపడింది. ఆడవాళ్ళందరి తలలూ ఒక్కసారి నావైపు తిరిగాయి. నాకు విషయం అర్థమయ్యేలోపే సత్యనారాయణమ్మగారు దణ్ణం పెట్టేశారు.

"స్వామి మన ఇంట్లోనే ఉన్నాడమ్మా!"

"నాకు పాట రాదండి బాబోయ్!" అన్నాను.

"అరవడానికి పాటెందుకండీ?" అంది బుజ్జమ్మ. నవ్వాపుకుంటోంది.

తప్పించుకుందామని మెడకి తువ్వాలు చుట్టుకుని, గొంతు పోయిందని సైగలు చేశాను. బుజ్జమ్మ మిరియాల కషాయం కాచి, పూటపూటా దగ్గరుండి తాగించింది. దాంట్లో ఏం కలిపిందో గానీ, పోయిందన్న గొంతు రెట్టింపై వచ్చింది. "శ్రుతి కుదిరింది" అన్నారు సత్యనారాయణమ్మగారు. ఆవిడ నోట ఆ మాట ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

నాకు సంకేతాలు నేర్పారు. బుజ్జమ్మ ఎడమచెయ్యి ఎత్తితే అరవాలి. కుడిచెయ్యి ఎత్తితే ఆపాలి. తేలికే అనుకున్నాను.

కల్యాణం నాటి సాయంత్రం అంతర్వేదిలో ఇసక వేస్తే రాలనంత జనం. నాకు పసుపుపచ్చ జుబ్బా తొడిగి, జుట్టు రేపి స్టేజీ ఎక్కించారు. పడవలవాళ్ళు, రొయ్యల రైతులు, నా ఖాతాదారులందరూ ముందు వరసల్లోనే ఉన్నారు. పాట మొదలైంది. బుజ్జమ్మ మైకు రెండు చేతులతో పట్టుకుంది. అక్కడే వచ్చింది చిక్కు. ఏ చెయ్యీ లేవదే!

ఎడమచెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ ఉండగా, బుజ్జమ్మ జడలో పువ్వు సర్దుకుంది. ఎడమచేత్తోనో కుడిచేత్తోనో, కంగారులో తేల్చుకోలేక గర్జించేశాను. ముందువరసలో చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. హార్మోనియం దారితప్పింది. ఆపమనేమో అని ఆపి, కాదేమో అని మళ్ళీ అరిచాను. ఆ తర్వాత ఆపడం ఎలాగో నాకే తెలీలేదు. జనం లేచి నిలబడ్డారు.

బుజ్జమ్మ నావైపు తిరిగింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ గొంతెత్తింది. ఆ ఫిన్లాండు ఆవిడ ఆగిన చోట మా ఆవిడ ఆగలేదు. నా గర్జన నోట్లోనే ఉండిపోయింది. మూయడం మరిచిపోయి నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాను. ఆవిడ వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"గోవిందా!" అని జనం హోరెత్తారు. స్వామి శాంతించడం ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదని వెంకటరాజుగారు అందరికీ చెప్పారు. నేను చేసింది కాదండీ అని ఎవరితోనూ అనలేదు. అననిస్తేగా!

తిరుగు దారిలో ఆటోలో నేను కాస్త గొప్పగానే అన్నాను. "ఏమైనా నా చలవే బుజ్జీ. ఆ రోజు నేను ఆ పాట పెట్టకపోతే నువ్వింకా తాళాలు కొట్టుకుంటూ ఉండేదానివి." గొంతు పూర్తిగా బొంగురుపోయి, మాటలు గాలిలాగా వస్తున్నాయి.

"ఆయ్, మీ చలవేనండి" అంది. పైట సర్దుకుని, "మా తమ్ముడు వచ్చిన రోజే వంటింట్లో వాడి ఫోనులో ఆ పాటలు విన్నానండి. నాలాంటి గొంతుకి కూడా ఒక బ్యాండు ఉందా అని ఏడుపొచ్చింది. నేను పెడితే సత్యనారాయణమ్మగారు వింటారా? అందుకని పెన్‌డ్రైవ్ మీకిమ్మని వాడికి చెప్పేను."

"నాకా? నేను పెడతానని నీకెలా తెలుసు?"

"మీ నిద్ర చెడగొడితే మీరు ఊరుకుంటారేంటండీ?"

అయితే ప్రాక్టీసు మా ఇంటికి మారడం కూడా... అని అడగబోయాను. ఆవిడ బయటికి చూస్తూ కూనిరాగం తీస్తోంది. అడిగితే ఇంకా ఏం బయటపడుతుందో అని భయమేసి మానుకున్నాను.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. సత్యనారాయణమ్మగారు. కొత్తపేట వాళ్ళు పిలిచారట, రాజోలు వాళ్ళూ అడిగారట, స్వామివారికి వీలవుతుందా అని.

"ఆయ్, మా ఆయన ఖాళీయేనండి. మధ్యాహ్నం పూట ఆయనకేం పనండీ?" అంది బుజ్జమ్మ.

నేను ఫోను మీదకి వంగి, కుదరదు అని గట్టిగా చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను. పోయిన గొంతులోంచి "గ్ర్ర్ర్" అని మాత్రమే వచ్చింది.

"ఆహా!" అంది ఫోనులోంచి సత్యనారాయణమ్మగారి గొంతు. "స్వామి అప్పుడే సాధన మొదలుపెట్టేసేరే!"