పూత చూసి ఇచ్చిన మాట

ఆ రోజు పొద్దున వీరభద్రరావు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పెరట్లో బీరపాదు చూసుకోవడం, కాఫీ తాగడం, బజార్లో కొట్టు తెరవడం. మొదటి పని దగ్గరే ఆగిపోయాడు. పందిరి నిండా పసుపుపచ్చని పూలు.

నూజివీడులో మామిడి వ్యాపారులకు కొదవ లేదు గాని, పూత చూసి కాపు చెప్పడంలో వీరభద్రరావు తరవాతే ఎవరైనా అని పేరు. ఆ పేరు ప్రచారం చేసినవాళ్ళలో ముఖ్యుడు వీరభద్రరావే. చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి, ఒక కన్ను చికిలించి, ఎన్ని బళ్ళ కాయ దిగుతుందో చెప్పేసేవాడు. ఆ మాట మీదే తోట కొనేసేవాడు. స్వాతంత్ర్యం కొత్తగా వచ్చిన రోజులవి. తిండికి కటకటగా ఉంది, ప్రతి పెరట్లోనూ కూరగాయలు పండించండని సర్కారువారు ఊరూరా చెప్పిస్తుంటే, ఆయన కూడా మాఘమాసంలో బావి పక్కన నాలుగు బీరగింజలు పెట్టాడు.

"కల్యాణీ! ఇలా రా. ఎంత కాపో చూడు!"

భార్య కల్యాణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పందిరి కింద నిలబడి పరీక్షగా చూసింది. "ఇవన్నీ మగపూలండీ. ఆడపువ్వయితే వెనకాల చిన్న పిందె ఉంటుంది. బీరకి ముందు ఇవే పూసి రాలిపోతాయి. కాస్త ఓపిక పట్టండి."

"తాతకి దగ్గులు నేర్పుతున్నావా? మామిడికి వెయ్యి పూలుంటే ఒక్క కాయ నిలుస్తుంది. అదీ ఆవగింజంత పువ్వు. ఇదేమో ఇంత పువ్వు! సగానికి సగం రాలినా వీధంతా పంచచ్చు."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట," అని కల్యాణి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యిమీద పప్పు ఉంది. దాని అంచనా ఆమెకు బాగా తెలుసు.

వీరభద్రరావు కొట్టుకు వెళుతూనే పక్క కొట్టు శేషగిరిరావుతో అన్నాడు. "ఉగాదికి మన వీధిలో ఎవరూ బీరకాయలు కొనక్కర్లేదండీ. ఇంటింటికీ నేనే ఇస్తున్నాను."

శేషగిరిరావుదీ మామిడి వ్యాపారమే. చాట్రాయి ప్రభాకరరావుగారి రసాల తోట పోయినేడు ఆయనే కొన్నాడు. ఈ ఏడు ఆ తోట ఆలస్యంగా పూసింది, ఎవరికిచ్చేదీ ఇంకా తేలలేదు. శేషగిరిరావుకు మళ్ళీ కావాలి. వీరభద్రరావుకు తప్పనిసరిగా కావాలి, ఎందుకంటే ఆ ఏడు మరే తోటా ఆయన చేతికి రాలేదు. ఇదీ పోతే వేసవంతా ఖాళీ కొట్లో ఈగలు తోలుకోవలసిందే. అందుకని శేషగిరిరావు ఆ బీరకాయల మాట సాయంత్రానికల్లా చాట్రాయి దాకా మోసుకెళ్ళాడు. ప్రభాకరరావు విని, "అలాగా! ఉగాదికి నేనూ వస్తాను. ఆయన మాట ఏపాటిదో చూసి, తోట సంగతి అక్కడే తేలుస్తాను," అన్నాడు.

మర్నాటి నుంచి పూలు రాలడం మొదలెట్టాయి. తెల్లారేసరికి పందిరి కింద పచ్చని తివాసీ పరిచినట్టుండేది. వీరభద్రరావు నీళ్ళు పోశాడు, పేడ వేశాడు, పందిరికి దండం పెట్టాడు. చివరికి మామిడి తోటల్లో పూతకు పురుగు పడితే పొగ వేస్తారని గుర్తొచ్చి, పిడకలూ పచ్చి ఆకులూ పోగేసి పందిరి కింద ముట్టించాడు. పొగ ఇంటికప్పు దాటి లేచింది.

పక్కింట్లో ఉండే నర్సు మగ్దలేనమ్మ రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యగారూ! ఇల్లంటుకుంది! తప్పుకోండి!" అని ఒక బకెట్ మంట మీద, తప్పుకోని కారణాన రెండోది వీరభద్రరావు మీద కుమ్మరించింది. పొగ తగ్గాక పందిరి వంక చూసి, "ఉగాది వచ్చేసిందిగా, కాయలేవండీ?" అంది.

"దిష్టి తగలకుండా ఆకుల చాటున కట్టి దాచానమ్మా," అన్నాడాయన తడిబట్టలతోనే ధీమాగా.

మగ్దలేనమ్మకు దిష్టి మీద నమ్మకం లేదు గాని, ఆయన మాట మీద ఉంది. మధ్యాహ్నానికి వీధిలో ఆ కాయలు మూరెడయ్యాయి. పొద్దు వాలేసరికి బారెడయ్యాయి. అంతటి కాయలు పళ్ళెంలో పెట్టి ఇస్తే ఏం సరదా, ఉగాదినాడు పందిరి కిందే నిలబడి పుచ్చుకుంటామని వీధివాళ్ళంతా కబురు పెట్టారు.

వీరభద్రరావుకు అప్పుడు నిజంగా భయం వేసింది. నూజివీడులో కొంటే శేషగిరిరావుకు తెలిసిపోతుంది. అందుకని బస్సెక్కి చింతలపూడి వెళ్ళి, సంతలో దొరికిన బీరకాయలన్నీ మామిడికాయల గంపలో గడ్డి కప్పి తెచ్చాడు. పండగ పొద్దున చీకటుండగానే స్టూలెక్కి, ఒక్కో కాయనూ అరటినారతో పందిరి వాసాలకు కట్టాడు. కల్యాణి దీపం పట్టుకుంది.

"ఇదేంటండీ, కొన్ని నున్నగా ఉన్నాయి?"

"చీకట్లో అన్నీ నున్నగానే ఉంటాయి. దీపం ఇటు పట్టు."

ఉగాది పచ్చడి తిని వీధంతా పెరట్లోకి దిగింది. ప్రభాకరరావు పట్టుతలపాగాతో ముందు నిలబడ్డాడు. వీరభద్రరావు తానే స్టూలెక్కి, ఎవర్నీ తీగ ముట్టనివ్వకుండా, చాకుతో నార కోసి ఒక్కో కాయా అందిస్తున్నాడు. మగ్దలేనమ్మకు రెండు అందాయి. అంతా సవ్యంగానే జరిగేది, శేషగిరిరావు చెయ్యి చాపకపోతే.

"నా కాయ నేనే కోసుకుంటానండీ," అని ఆయన పొడుగాటి కాయనొకదాన్ని పట్టి లాగాడు. రాలేదు. అది మామిడి గంపలకు వేసే ముడి, లారీల కుదుపుకే ఊడదు. శేషగిరిరావు రెండు చేతులా వేళ్ళాడాడు. కాయ ఊడలేదు, వాసం ఊడింది. దాని వెనకే గుంజలు, గుంజల వెనకే పందిరి, తీగలతో సహా వీధంతటి మీదా దిగాయి.

ఆకుల్లోంచి ముందు శేషగిరిరావు బయటపడ్డాడు, కాయ వదలకుండా. "చూశారా ప్రభాకరరావుగారూ! అరటినార! పైగా ఇది నేతిబీరకాయ! బీరతీగకి నేతిబీర ఎక్కడైనా కాస్తుందాండీ? నేతిబీరలో నెయ్యెంతో ఈయన మాటలో నిజం అంత!"

వీరభద్రరావు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. తోట పోయిందని తేలిపోయింది. ఇక దాచడానికి ఆకులు కూడా లేవు.

"నిజమేనండీ. నా అంచనా తప్పింది, పూతంతా రాలిపోయింది. మా ఆవిడ ముందే చెప్పింది, విన్లేదు. కానీ ఇస్తానని నోటితో అన్నాక ఇవ్వకపోతే ఎలా? సంతలో కొని కట్టాను."

ప్రభాకరరావు తలపాగా మీది తీగ తీసి పక్కన పెట్టాడు. "పూత రాలాక, మీ చేతి డబ్బుతో కొని మరీ మాట నిలబెట్టుకున్నారా?"

"అవునండీ."

"పోయినేడు ఈ శేషగిరిరావుగారు నా తోట పూత మీద కొని, గాలివానకి కాయ రాలిందని వారం రోజులు మా అరుగు మీద కూర్చుని ఏడ్చారు. సగానికి తగ్గించుకునేదాకా లేవలేదు. పూత సంగతి చెట్టు చూసుకుంటుంది. నాకు రాలాక ఏడవనివాడు కావాలి. తోట మీదే, రేపొచ్చి చూసుకోండి."

శేషగిరిరావు చేతిలోని నేతిబీరకాయ వంక చూసుకున్నాడు. "అదైనా పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ, పచ్చడి బాగుంటుంది," అంది మగ్దలేనమ్మ.

పందిరి మళ్ళీ వేశారు. కల్యాణి చెప్పినట్టే పది రోజులు ఓపిక పట్టాక పిందెలు దిగాయి. దిగడం మొదలెట్టాక ఆగలేదు. వైశాఖంలో వీరభద్రరావు గంప పట్టుకుని వీధిలోకొస్తే జనం తలుపులు వేసుకునేవారు.

మరుసటేడు కల్యాణి ఆ చోట మల్లె అంట్లు నాటించింది. మల్లెకు పూతే కాపు కాబట్టి, అంచనా వేసే పని ఆయనకే వదిలేసింది.