నూట పదిహేడో అట్ట

"కృష్ణ దిగువన ఇంత పదునైన బుర్ర ఇంకోటి పుట్టలేదు వదినా. పుట్టుంటే ఈపాటికి నాకు తెలిసేది" అని ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే మా మరిది బాలశౌరి ప్రకటించాడు. ఆ బుర్ర మీద మే నెల ఎండలో ఉన్ని మంకీ క్యాప్ ఉంది. మారువేషమట.

బాలశౌరి విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యాక మా పెడన వచ్చి, మా పక్క వాటాలో దిగి డిటెక్టివ్ అయ్యాడు. బేరింగుల మీద నంబర్లు చదవడానికి కొన్న భూతద్దం ఖాళీగా ఉండిపోవడమే దీనికంతటికీ కారణమని నా నమ్మకం. అప్పటికి ఆరు కేసులు చేపట్టాడు. ఆరూ దర్యాప్తులోనే ఉన్నాయి.

ఏడోది మా ఎదురింటి ప్రత్యూష కేసు. నేత పనిచేసే ఉమామహేశ్ కూతురు. బ్యాంకు పరీక్షలో మిగతావన్నీ గట్టెక్కినా, కిందటిసారి ఇంగ్లీషులో ఒక్క మార్కు దగ్గర ఆగిపోయింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. అందుకని అటక మీద పడి ఉన్న పాత జకార్డు అట్టలు దించుకుంది. మగ్గం పైన తిరుగుతూ చీర అంచు మీద బొమ్మ తెప్పించే చిల్లుల అట్టలు అవి. చిల్లుల మధ్య ఖాళీలో ఆ పిల్ల ఒక ఇంగ్లీషు మాట రాసేది. వెనక వైపు నేను తెలుగు అర్థం రాసేదాన్ని. అలా రెండు వందల నలభై మాటలు. రోజూ సాయంత్రం మా అరుగు మీద నేను అడగాలి, తను చెప్పాలి.

పాసైతే ఎక్కడో దూరాన వేస్తారని నాకు తెలుసు. నేను చాలామందిని బస్సెక్కించాను. ఎక్కించి వచ్చిన ప్రతిసారీ, తోమిన గిన్నెలే మళ్లీ తోముకుంటాను. అయినా అడగడం మానలేదు.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా అట్టల కట్ట మాయమైంది.

ప్రత్యూష ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. నాన్నను అడిగావా అని నేను అడిగేలోపే బాలశౌరి చెయ్యెత్తి ఆపాడు. ఇంట్లోవాళ్లే మొదటి అనుమానితులట. వాళ్ల చెవిన పడితే నేరస్తుడు జాగ్రత్తపడతాడట. తండ్రికి ఒక్క ముక్క కూడా చెప్పకూడదని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

తర్వాత మా అరుగంతా భూతద్దంతో పాకాడు. చాప కింద ఒక అట్ట దొరికింది. దాని వెనక తెలుగులో 'విడిచిపెట్టు' అని ఉంది.

"బెదిరింపు లేఖ" అన్నాడు గొంతు తగ్గించి. "చుట్టూ తూటాల రంధ్రాలు చూడు."

"అవి జకార్డు చిల్లులు శౌరీ. ఆ రాత నాది."

అతను వెంటనే నోట్ బుక్ తీసి అనుమానితుల జాబితాలో నా పేరు ఎక్కించాడు. అట్ట మాత్రం సాక్ష్యమని జేబులో పెట్టుకున్నాడు.

రెండో అనుమానితుడు జయకృష్ణ. భవానీపురంలో ప్రత్యూషతోపాటు కోచింగ్ తీసుకునే కుర్రాడు, నమూనా పరీక్షల్లో ఆమె కంటే ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువ. బాలశౌరి నన్ను వెంటబెట్టుకుని బస్సులో విజయవాడ వెళ్లాడు. కోచింగ్ సెంటర్ ఎదురుగా టిఫిన్ కొట్టు పక్కన, మంకీ క్యాప్‌లో చెమటలు కక్కుతూ గంటసేపు మాటు వేశాడు. చివరికి ఆ కుర్రాడే రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారూ, ఈ పెద్దాయనకి చలిజ్వరమాండీ?"

మమ్మల్ని నీడకు తీసుకెళ్లి మజ్జిగ ప్యాకెట్లు తెచ్చిచ్చాడు. నేను ఆపుకోలేక ఉన్న సంగతి చెప్పేశాను. వాడు బాధపడి, తన గ్రామర్ నోట్సు జిరాక్సు తీయించి ఇచ్చాడు. కాకపోతే మాటల పట్టిక వాడి దగ్గర లేదు. తిరుగు బస్సులో బాలశౌరి నోట్ బుక్‌లో ఏం రాశాడో తొంగి చూశాను. 'మరీ మంచివాడు. అనుమానం బలపడింది' అని ఉంది.

నాలుగు రోజులు అలా గడిచాయి. ప్రత్యూష తిండి తగ్గించింది, మగ్గం గది వైపైనా పోకుండా పగలంతా మా అరుగు మీదే కూర్చునేది. పోయిన మాటలను గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాస్తే తొంభై దాటడం లేదు. ఇక ఒట్టు తీసి గట్టు మీద పెడదామని నేను ఎదురింటికి బయల్దేరాను. ముద్దాయిని కంటితోనే పట్టేస్తానంటూ బాలశౌరి నా వెనకే వచ్చాడు.

ఉమామహేశ్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. కరెంటు లేదు. బాలశౌరి అరుగు మీద కూలబడి, జేబులోంచి ఏదో తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. అతన్ని చూడగానే ఉమామహేశ్ తన గోడు చెప్పుకున్నాడు. షాపువాళ్లు పాత హంసల అంచు అడిగారు. అటక మీద వెతికితే లేదు, కూతురి పెట్టె పక్కన కట్ట కనబడింది. నంబర్ల వరసన కుట్టి మగ్గానికి ఎక్కిస్తే ఒక అట్ట తక్కువైంది. ప్రతి హంసకీ మెడ దగ్గర తెగుతోంది.

"మీరు ఇట్టాంటివి కనిపెడతారంట గదండీ. నూట పదిహేడో నంబరు."

"చూడు ఉమామహేశ్" అన్నాడు బాలశౌరి విసురుకుంటూనే. "నేను చేతినిండా పెద్ద కేసుతో ఉన్నాను. హంసల మెడలు చూసే తీరిక..."

ఉమామహేశ్ గుంటలోంచి లేచి వచ్చి, అతని చేతిలోని విసనకర్రను నెమ్మదిగా లాక్కుని, మూల మీది నంబరు చూశాడు.

"ఇదేనండీ."

నేను తలెత్తాను. మగ్గం పైన మాలలా వేలాడుతున్నాయి మా అట్టలు. బయటి వైపు ప్రత్యూష ఇంగ్లీషు, లోపలి వైపు నా వంకర అక్షరాలు. ప్రత్యూషను కేకేసి పిలిచి, ఆ రాతలు చూడలేదా అని తండ్రిని అడిగితే, అట్టల మీద నేతగాళ్లు గుర్తులు రాసుకోవడం మామూలేనని, అమ్మాయి తన కోసం ఇంగ్లీషులో గుర్తులు వేసిపెట్టిందని మురిసిపోయానని చెప్పాడు. ఒక్క మాట అడిగితే ఆ రోజే చెప్పేవాడినన్నాడు. నేనూ ప్రత్యూషా బాలశౌరి వంక చూశాం. అతను భూతద్దం తుడుచుకుంటున్నాడు.

దారం కోసి కట్ట ఇచ్చేస్తానన్నాడు తండ్రి. కూతురు వద్దంది. మిగిలిన ఆరు రోజులూ మగ్గం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆయన కాలితో తొక్కితే ఒక అట్ట ముందుకు తిరుగుతుంది, తను అర్థం చెబుతుంది, పోగు పడుతుంది. మూడో రోజుకి ఆమె తడబడిన చోట తండ్రే అందించడం మొదలుపెట్టాడు. పరీక్ష హాల్లో కాలు ఊరికే ఆడుతూనే ఉందట, పక్కనమ్మాయి రెండుసార్లు కసిరిందట.

పాసైంది. శ్రీకాకుళం అవతల వేశారు. మెడ తెగని హంసల చీర కట్టుకుని బస్సెక్కింది. కిటికీలోంచి "మామ్మగారూ, గిన్నెలు మళ్లీ తోమకండి" అంది. నేనెప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అది. మా ఊళ్లో అసలు డిటెక్టివ్ ఎవరో అప్పుడు అర్థమైంది.

చీర అయిపోయాక ఉమామహేశ్ ఆ నూట పదిహేడో అట్టను జ్ఞాపకంగా బాలశౌరికి ఇచ్చాడు. అతను దాన్ని ఏడో కేసు ఫైల్లో పెట్టి, పైన 'ఛేదించబడినది' అని ఎర్ర సిరాతో రాసుకున్నాడు. వారం తిరిగేసరికి ఫైల్లో అట్ట లేదు.

అది నా బీరువాలో బట్టల కింద ఉంది. ఇంగ్లీషు వైపు పైకి పెట్టుకున్నాను. నా రాతలో 'విడిచిపెట్టు' అన్న ఆ మాట చదవలేను, ఇంగ్లీషులో అయితే అంతగా గుచ్చుకోదు.

బాలశౌరి ఇప్పుడు ఎనిమిదో కేసు దర్యాప్తులో ఉన్నాడు. జాబితాలో మొదటి పేరు నాదే. అతని అనుమానం సరైన మనిషి మీద పడడం ఇదే మొదటిసారి. విచారణకు వస్తే మజ్జిగ ఇచ్చి పంపేశాను.