మంజీర మల్లేశ్‌కు పాలాభిషేకం

పాటగాడు బతికుండటం అభిమానులకు ఎంత ఇబ్బందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను! మా మెదక్‌లో మంజీర మల్లేశ్ ప్రథమ వర్ధంతి చూసి వచ్చాక, ఆ ఇబ్బంది తొలగడం ఎంత వరమో కూడా తెలిసింది.

మల్లేశ్ తనే పాటలు కట్టి, పాడి, యూట్యూబ్‌లో పెట్టేవాడు. కిందటేడు రామాయంపేట దగ్గర బైకు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్లాడు. తలచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది.

కానీ ఉన్నన్నాళ్లు ఎంత సతాయించాడని! కొత్త పాట కట్టడం ఆలస్యం, వాట్సాప్‌లో పంపేవాడు. "పరమేశన్నా, జర ఇని చెప్పుండ్రి" అని వెంటబడేవాడు. మొబైల్ షాపు పరమేశ్ "చూస్త తమ్మీ" అని మ్యూట్‌లో పెట్టేవాడు. తాము పెట్టిన వినాయక మండపంలో ఒక్క పాటకు చాన్స్ అడిగితే ఇచ్చాడు కూడా, ప్రసాదం పంచేసి జనమంతా ఇళ్లకు పోయాక.

ఇప్పుడో? అదే పరమేశ్ మల్లేశ్ యువసేనకు అధ్యక్షుడు. రింగ్‌టోన్ మల్లేశ్, స్టేటస్ మల్లేశ్! పోయినవాడు పాటలు పంపడు, చాన్సులు అడగడు, "ఎట్లున్నది అన్నా?" అని మొహంలోకి చూడడు. ఇంతకన్నా మర్యాదస్తుడైన కళాకారుడు దొరుకుతాడా?

రాందాస్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మల్లేశ్ చేతిలో మైకు తీసేసి, మొహం తెల్లగా చేసి, మేఘాల్లో నిలబెట్టారు. పక్కన ఫోను చెవిన పెట్టుకున్న పరమేశ్ అతని కన్నా జానెడు ఎత్తున్నాడు. దుఃఖం పెద్దది మరి! ఫ్లెక్సీకి బిందెడు పాలతో అభిషేకం చేశారు. ఆనాడు మండపంలో పాట అయ్యాక మల్లేశ్ చాయ్ అడిగితే, పాలు అయిపోయాయన్నది వీళ్లే.

తర్వాత అక్కడే సభ. ఉపన్యాసాలు, శాలువాలు, పాటగాడి గౌరవార్థం రెండు నిమిషాల మౌనం. పాడుతున్నప్పుడు ఏనాడూ దక్కని నిశ్శబ్దం, పాపం, ఇప్పటికి దక్కింది.

మల్లేశ్ చెల్లెలు దేవిక కూడా పాడుతుంది. తల్లి కిష్టవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టి, స్టేజీ దగ్గరకు వచ్చింది.

"అన్నా, మా అన్న సగం కట్టిన పాట నేను పూర్తి చేసిన. ఒక్కసారి పాడుత. అమ్మ ఇందామని కూసున్నది."

"టైమ్ లేదు చెల్లె, ఇంక శాలువలున్నయ్" అన్నాడు పరమేశ్. "పాట నాకు వాట్సాప్ చెయ్, తర్వాత ఇంట."

"పోయిన నెలనే పంపిన అన్నా."

"ఇంట, ఇంట."

సభ ముగిసింది. మైకు విప్పేశారు. టెంటువాళ్లు కుర్చీలు సర్దుతుంటే దేవిక ఉత్త గొంతుతో పాట అందుకుంది. వాళ్లు కిష్టవ్వ కుర్చీ ఒక్కటి వదిలేశారు. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. నాకూ ఏడుపు ఆగలేదు.

పరమేశ్ అవతల ఫ్లెక్సీకి తాడు బిగించే పనిలో ఉన్నాడు. దేవిక కళ్లు తుడుచుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నేను పోయినంక నాకు గూడ గింత పెద్ద ఫ్లెక్సీ పెడ్తరా? అప్పుడన్న నా పాట ఇంటరేమో!"

"గవేం మాటలు చెల్లె! నూరేండ్లు బతుకు" అని పరమేశ్ కంగారుపడ్డాడు. చూశారా, ఎంత వెన్నలాంటి మనసో! అంతలోనే తేరుకుని, "అయినా పోయేదాంక ఎందుకు? వచ్చే ఏడు ఫ్లెక్సీల నీ ఫొటో గూడ ఏస్తం. మంచిదొకటి పంపు" అన్నాడు.

దేవిక నవ్వి అక్కడికక్కడే పంపింది. పరమేశ్ తక్షణం తెరిచాడు, రెండు వేళ్లతో పెద్దది చేశాడు, "మస్తున్నది!" అన్నాడు. పక్కనే ఉన్నాను కదా, నేనూ చూశాను. ఆ ఫొటోకు సరిగ్గా పైన, నెల కిందట వచ్చిన పాట ఇంకా డౌన్‌లోడ్ కూడా కాలేదు.