పర్వతాలు సోలో

మేడ్చల్ పెళ్లిళ్ల బ్యాండులో ఇరవై ఏళ్లుగా ముందు నడుస్తూ పాడుతున్న పర్వతాలు, 2011 వేసవిలో ఒక రోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ చక్కటి పథకం వేసుకున్నాడు. పదింటికల్లా సుచిత్ర చౌరస్తాలోని రికార్డింగు గదికి చేరాలి. తాను రాసుకున్న ఆరు పాటలూ పాడి, జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఒక సీడీ చేయించుకోవాలి. అట్ట మీద తన ఫొటో ఒక్కటే ఉండాలి. డోలు మొగులయ్య ఉండకూడదు. మరీ ముఖ్యంగా, క్లారినెట్టు వాయించే బ్యాండు పెద్ద ఇస్హాక్ ఉండకూడదు.

ఇస్హాక్ మీద ఆయనకు కోపం లేదు. సొంత తమ్ముడిలా చూసుకునే మనిషి మీద కోపం ఎలా వస్తుంది? కానీ ఇన్నేళ్లూ గొంతు చించుకుంటే జనం 'బ్యాండు బాగుంది' అన్నారే గాని, 'పర్వతాలు బాగా పాడాడు' అన్నవాడు ఒక్కడూ లేడు. కిందటి నెల శామీర్‌పేటలో ఒక పెద్దమనిషి "ఓ బ్యాండూ, ఇటు రా" అని పిలిచాడు. అది మనసులో ముల్లులా దిగింది.

చిక్కల్లా ఒక్కటే. సాయంత్రం దూలపల్లిలో ఊరేగింపు ఉంది. ఊరేగింపు ఉన్న రోజు బ్యాండు మొత్తం పదింటికి ఇస్హాక్ ఇంటి ముందు చేరి పాటలు సరిచూసుకోవడం ఆనవాయితీ. దానికి డుమ్మా కొట్టాలంటే చిన్న అబద్ధం కావాలి.

"రోజా, ఇస్హాక్ భాయ్ ఫోన్ జేస్తే నాకు గొంతు పట్టేసిందని చెప్పు. పొద్దుమీకేసరికి మంచిగైతదని చెప్పు."

"నీ అబద్ధం నువ్వే చెప్పుకోరాదు?" అంది భార్య రోజారాణి.

"గొంతు పోయినోడు ఫోన్ల ఎట్ల మాట్లాడ్తడే?"

రోజారాణికి అబద్ధాలు చెప్పడం రాదు. రాని పని నెత్తిన వేసుకున్నవాళ్లు అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే చేస్తారు. పది దాటగానే ఫోను మోగింది.

"అన్నా, ఆయనకు గొంతు పోయింది."

"అరె! డాక్టర్‌కు చూపిచ్చిన్రా చెల్లె?"

"ఆ... చూపిచ్చినం."

"ఏమన్నడు?"

"మాట్లాడొద్దన్నడు."

"ఎన్ని దినాలు?"

రోజారాణి "రెండు నెలలు" అనేసింది.

అవతలినుంచి "యా అల్లా" అని మాత్రం వినబడింది.

గంట తిరక్కముందే మొగులయ్య సగం బ్యాండును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. రోగి ఏడంటే, సుచిత్ర దిక్కు దవాఖానకు పోయాడని రోజారాణి చెప్పింది. అంత దూరం పోయాడంటే ఆపరేషనే అని మొగులయ్య తేల్చేశాడు. పక్కింటి బాలనర్సమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. "చిన్నప్పుడు వాడు ఏడిస్తే గీ వాడంత లేస్తుండె. గసొంటి గొంతు గదవ్వా!" అని శోకం మొదలుపెట్టింది.

ఇస్హాక్ ఏడవలేదు, పనిలో పడ్డాడు. భార్య షహర్ బాను చేత అల్లం, మిరియాలు వేసి కషాయం కాయించి ఫ్లాస్కులో పోయించాడు. సాయంత్రానికి పాడేవాడు కావాలి కనుక పేట్ బషీరాబాద్‌లోని ఆకాశ్‌కు ఫోను చేశాడు. ఒక్క రోజుకైతే రానని, రెండు నెలలూ తనకే ఇస్తానంటే వస్తానని ఆకాశ్ అన్నాడు. రోగికీ విశ్రాంతి కావాలి కదా అని ఇస్హాక్ మాట ఇచ్చేశాడు. ఫ్లాస్కు పట్టుకుని సుచిత్రకు బయలుదేరాడు.

అక్కడ మన రోగి గాజు గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. అద్దం అవతల మిషన్ల ముందు కూర్చున్న అజర్, "ఇగ పాడన్నా" అన్నాడు. పర్వతాలు నోరు తెరిచి మళ్లీ మూశాడు. ప్రతి పాటకూ ముందు ఇస్హాక్ క్లారినెట్టు మీద ఒక్క స్వరం సాగదీసి పట్టుకుంటాడు. దాన్ని పట్టుకునే పర్వతాలు పాటెత్తుకుంటాడు. ఆ స్వరం లేకపోయేసరికి ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. ధైర్యం చేసి పైన ఎత్తుకుంటే చరణానికి గొంతు చిట్లింది. కింద ఎత్తుకుంటే ఎవరినో తిడుతున్నట్టు వినబడింది.

"అన్నా, నడువకు. మైకు ఈడుంది."

"నిలవడితే పాట వస్తలేదు తమ్మీ."

చివరికి గోడ పట్టుకుని, "శామీర్‌పేట చెరువు నిండె, నా మనసూ నిండె" అని పల్లవి ముగించాడు. ఊపిరి పీల్చుకుని, అదే ఊపులో, "పెండ్లికొడుకు మేనమామ పరమేశ్ గారికి సలాం!" అనేశాడు. ఊరేగింపులో చుట్టాలు చెవిలో చెప్పే పేర్లను పల్లవికీ చరణానికీ మధ్య చదవడం ఆయన పనిలో సగం.

"పరమేశ్ ఎవరన్నా?"

"ఏమో తమ్మీ. నోట్లకెంచి అదే వచ్చింది."

మూడింటికి ఆరు పాటల్లో ఒక్కటీ పూర్తి కాలేదు. మేనమామలు మాత్రం తొమ్మిది మంది తేలారు.

పర్వతాలు గదిలోనే ఒక మూల, గోడవైపు తిరిగి కూలబడ్డాడు. అప్పుడే హెడ్‌ఫోన్లలో తెలిసిన గొంతు వినబడింది. దవాఖానలన్నీ గాలించి ఎక్కడా దొరక్క, చెమటతో తడిసిపోయిన ఇస్హాక్, అజర్‌తో మాట్లాడుతున్నాడు.

"బేటా, గీ ఫోన్ల మా పర్వతాలు పాటలున్నయి. బరాతులల్ల నేనే రికార్డు జేసిన, వానికి తెల్వదు. జల్దీ సీడీ జెయ్యాలె. అట్ట మీద వాని ఫొటో ఒక్కటే పెట్టు, మాదెవ్వరిదొద్దు. పాపం, గొంతు పోయింది. మల్ల వస్తదో రాదో."

పర్వతాలుకు ఆ క్షణంలో నిజంగానే గొంతు పోయింది. ఇలాంటి మనిషి దగ్గరా తాను దాచిపెట్టింది? హెడ్‌ఫోన్లు తీసి, తల వంచుకుని బయటికొచ్చాడు.

"భాయ్" అన్నాడు.

"గొంతొచ్చింది!" ఇస్హాక్ ముఖం వెలిగిపోయింది. "కషాయం తాగకముందే వచ్చింది!" అంటూ ఫ్లాస్కు మూత తీయబోయి, బల్ల మీదున్న అట్ట నమూనా చూశాడు. 'పర్వతాలు సోలో' అని పెద్ద అక్షరాలు, కింద నవ్వుతున్న ఫొటో. రెండుసార్లు చదివాడు. మెల్లగా మూత బిగించాడు.

"తప్పయింది భాయ్."

"చెప్తే నేను వద్దంటుంటినా?"

"అనకపోతుంటివి. క్లారినెట్టు పట్టుకొని నువ్వూ వస్తుంటివి."

ఇస్హాక్ "వస్తుంటి. గది నిజమే" అన్నాడు.

పర్వతాలు కళ్లు తుడుచుకున్నాడు. "నడువు భాయ్, దూలపల్లి పోదాం. ఇయ్యాల పానం పెట్టి పాడ్త."

"ఎట్ల పాడ్తవ్? నీకు ఆపరేషనని మొగులయ్య ఊరంత చెప్పిండు. ఆకాశ్‌కు నేను మాటిచ్చిన. ఇగ నువ్వు నోరు తెరిస్తే పెండ్లోళ్ల ముంగట నా ఇజ్జత్ ఏముంటది?"

"మరి నేనేం జెయ్యాలె?"

"మీ డాక్టర్ సాబ్ రెండు నెలలన్నడు గద. ఆయన మాట ఇను."

ఆ సాయంత్రం దూలపల్లి ఊరేగింపులో, మండే ఎండాకాలంలో మెడకు మఫ్లరు చుట్టుకుని, బ్యాండులో అందరికన్నా వెనక, రెండు చేతులా గిలక్కాయలు ఊపుతూ పర్వతాలు నడిచాడు. ముందు ఇస్హాక్ స్వరం పట్టుకునేవాడు. ఆకాశ్ దాన్ని లెక్కచేయకుండా తనకు తోచినచోట ఎత్తుకునేవాడు. ప్రతిసారీ పర్వతాలు గొంతులో పాట లేచి, మఫ్లరు దగ్గర ఆగిపోయేది. ఇస్హాక్ నిజం ఎవరికీ చెప్పలేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

వారానికి అజర్ సీడీ చేసిచ్చాడు, ఇస్హాక్ ఫోనులోని పాటలతోనే. అందులో టపాకాయలున్నాయి, లారీ హారన్లున్నాయి, మొగులయ్య డోలు దడదడలున్నాయి, ప్రతి పాటకూ ముందు ఆ క్లారినెట్టు స్వరముంది. అట్ట మీద మాత్రం పర్వతాలు ఒక్కడే. గొంతు పోయినాయన పాటలంటూ మేడ్చల్ ఆటోవాళ్లు జాలిగా వేసి వేసి దాన్ని నాలుగూళ్లకు తెలిసేలా చేశారు. శామీర్‌పేట పెద్దమనిషి మరో పెళ్లిలో ఎదురొచ్చి, "పర్వతాలంటే నువ్వేనా?" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పర్వతాలు తలూపి, గిలక్కాయలు ఒకసారి ఆడించాడు.

రోజులు లెక్కపెట్టుకుంటూ గడువు పూర్తిచేశాడు. రెండు నెలలు నిండిన మర్నాడు తెల్లారకముందే మఫ్లరు విప్పి పారేసి, వీధి వీధంతా వినబడేలా గొంతు సవరించుకుంటూ ఇస్హాక్ ఇంటికి పరుగెత్తాడు. ఇస్హాక్ క్లారినెట్టును గుడ్డలో చుట్టి పెట్టెలో పెడుతున్నాడు.

"భాయ్, ఇగ పాడొచ్చా?"

"కడుపు నిండ పాడుకో తమ్మీ" అన్నాడు ఇస్హాక్, పెట్టె మూస్తూ.

ఆషాఢం మొదలై నాలుగు రోజులైంది.