నురుగు నీడ

ఈ ఎండాకాలం మా డివిజన్‌లోకి ఎండ రాదని జనార్ధనన్న ప్రకటించారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏసీ హాలు మాట్లాడి, ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు కాబట్టి నమ్మక తప్పదు. అన్న మా పార్టీకి డివిజన్ ఇన్‌చార్జి. తాతల నాటి పొలాలు ప్లాట్లయిపోవడంతో ప్రజాసేవకు తీరిక దొరికిన మనిషి. నేను ఆయన మీడియా కన్వీనర్ని, పేరు నర్సింహులు. అన్న ఏం మాట్లాడాలో నేనే రాస్తాను, ఏం మాట్లాడారో కూడా నేనే రాస్తాను. రెండింటికీ మధ్య అన్న అసలు మాట్లాడింది ఒకటి ఉంటుంది, దాన్ని పట్టించుకోం.

ఆ రోజు నేను రాసిచ్చింది "రేకుల ఇళ్లకు స్ప్రే ఫోమ్ ఇన్సులేషన్" అని. అన్న మైకు పట్టుకుని, "డివిజన్ల ఉన్న ప్రతి పేదోని ఇంటికి పోయి ఇన్సల్ట్ చేస్త, ఒక్కల్ని గూడ ఇడిచిపెట్ట" అన్నారు. చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది నేనే. ప్రెస్‌నోట్‌లో మాత్రం ఆ పథకానికి "నురుగు నీడ" అని పేరు పెట్టి, ఎవరూ నొచ్చుకోకుండా చూసుకున్నాను.

నా చప్పట్లలో కొంత స్వార్థం ఉంది. మన్సూరాబాద్‌లో ఒక బిల్డింగు పైన రేకుల గదిలో కిరాయికి ఉంటున్నాం. ఓనరు దాన్ని పెంట్‌హౌస్ అంటాడు. నా భార్య వాసంతి ఆ రేకుల కిందే మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. మా ఇల్లు గడిచేది ఆ మిషన్ మీదే. కన్వీనర్ పదవికి గౌరవం ఉంది గానీ జీతం లేదు. పోయిన ఎండాకాలం వాసంతి కుడుతూ కుడుతూ మిషన్ మీదే సొమ్మసిల్లి పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ, మందులతో అయ్యేది కాదు, ఆ గది మారండి అంది. గది మారే స్తోమత లేదు గనక, కప్పు మార్పిస్తానని నేను మాటిచ్చాను. మాటివ్వడం నాకు అన్న దగ్గర అబ్బిన విద్య.

ఫోమ్ ఎట్లా ఉంటుందో చూపించడానికి శ్రవణ్‌కుమార్ అనే కంపెనీ మనిషి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డవాడు. రెండు డ్రముల్లోని రెండు రసాయనాలు గన్నులో కలిసి బయటికి చిమ్ముతాయట. అట్టముక్క మీద కొంచెం చిమ్మాడు. మేం చూస్తుండగానే అది పాలు పొంగినట్టు పొంగి, గట్టిపడి, పసుపుపచ్చటి ముద్దయి కూర్చుంది.

అన్న దాన్ని వేలితో కొట్టి చూశారు.

"గింత పోస్తే గంత అయితదా? లోపల ఏముంటది?"

"గాలేనండి. ఆ గాలి బుడగలే వేడిని ఆపుతాయి."

"మరి గట్టిగున్నది గదా?"

"పైకి గట్టిగానే ఉంటుందండి."

అన్న ఆ అట్టముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇన్నేళ్ల రాజకీయంలో మన పద్ధతికి ఇంత దగ్గరి సరుకు చూడలేదని తర్వాత నాతో అన్నారు.

పైలట్ ప్రాజెక్టు మా గదే అని అన్న నోటితోనే చెప్పారు. వాసంతి ఆ సాయంత్రమే కప్పు కింద బూజు దులిపి, సామాన్లన్నీ ఒక మూలకు జరిపింది. మర్నాడు అన్న, మీ ఇంటికి లిఫ్టు ఉందా అని అడిగారు. లేదన్నాను. కెమెరావాళ్లు ఎక్కలేని చోట మోడల్ హౌస్ పెట్టి లాభం లేదన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని ఎల్బీనగర్‌లో రోడ్డు పక్కనున్న మా పార్టీ ఆఫీసు మోడల్ హౌస్ అయింది. దానిది కూడా రేకుల కప్పే కదా.

కప్పుకు కొట్టారు, గోడలకు కొట్టారు, వెంటిలేటర్లు మూసేశారు, కిటికీ అద్దాల చుట్టూ సందులు పూడ్చారు. చివరికి ఎలుక కన్నం కూడా లబ్ధిదారుల్లో చేరింది. ఒకరోజు లోపల ఎవరూ ఉండొద్దని శ్రవణ్‌కుమార్ చెప్పాడు. కుర్చీ ఒకరోజు ఖాళీగా ఉంటే అందులో ఎవరు కూర్చుంటారో చెప్పలేమని అన్న వెంటనే వెళ్లి కూర్చున్నారు. ఈలోగా తలుపు చుట్టూ కొట్టిన నురుగు పొంగి, తలుపు బిగుసుకుపోయింది. దాన్ని కోసి అన్నను బయటికి తీసేసరికి పొద్దు గుంకింది. ఆ పూటంతా డివిజన్‌లో ఒక్క పని కూడా ఆగలేదు. అన్న ఉన్నా లేకపోయినా పనులు ఒకే తీరుగా సాగడం ఆయన పరిపాలనా దక్షతకు నిదర్శనమని ప్రెస్‌నోట్ రాశాను.

తలుపు దగ్గర కోసిన ముక్కలు గోనెసంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాను. వాసంతి ఒక ముక్క చేతిలో పట్టుకుని చూసింది.

"మైసూర్‌పాకా?"

కాదు, పైన రేకులకు అతికించుకుందామన్నాను. అతికించాం కూడా. మధ్యాహ్నానికి జిగురు కరిగి ఒక్కొక్కటే ఊడి మిషన్ మీద పడ్డాయి. ఆమె ముక్కలు పక్కకు తోసి, కుట్టే జాకెట్టు కుట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఇక ఫోమ్‌లో అసలు మహిమ ఆ వారంలోనే తెలిసింది. మంచినీళ్లు రావడం లేదని భూలక్ష్మి అనే ఆమె ఎప్పటినుంచో కాలనీ ఆడవాళ్లను వెంటేసుకుని, ఖాళీ బిందెలతో మా ఆఫీసు ముందుకొచ్చి లొల్లి చేస్తుండేది. ఆ రోజు కూడా వచ్చింది. అద్దంలోంచి చూస్తే బిందెలు ఊగుతున్నాయి, నోళ్లు కదులుతున్నాయి, లోపలికి మాత్రం చీమ చిటుక్కుమన్నంత చప్పుడు లేదు. అన్న కళ్లు మెరిశాయి.

"సూసినవా నర్సింహులూ, జనం మారిండ్రు. ఎంత పద్ధతిగ నిలవడ్డరో."

డివిజన్‌లో ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయాయని నోట్ రాశాను. పక్క డివిజన్ల ఇన్‌చార్జులు వచ్చి చూసి, తమ ఆఫీసులకు కూడా నురుగు నీడ కావాలన్నారు. ముందు నాయకులు క్షేమంగా ఉంటేనే కదా ప్రజల సంగతి చూసేది అని అన్న అందరికీ ఇప్పించారు. చివరికి ఒక జత డ్రములు మిగిలి, ఆఫీసులోనే అన్న కుర్చీ వెనక ఉండిపోయాయి. మా గదికి అవి చాలని శ్రవణ్‌కుమార్ నాతో చెప్పాడు. అన్న ఒక్క మాటంటే చాలు, మనిషిని పంపి కొట్టిస్తానన్నాడు.

ఆ ఒక్క మాటా నేను అడగాలి. అన్న కోపంగా ఉన్న రోజు ఇది సమయం కాదనుకున్నాను. సంతోషంగా ఉన్న రోజు, ఆ సంతోషం ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాను. అన్నకు మూడో రకం రోజు ఉండదు. ఈలోగా ఎండలు ముదిరాయి. వాసంతికి మళ్లీ కళ్లు తిరగడం మొదలైంది. నిన్న రాత్రి అన్నం పెడుతూ అంది, "రేపు నువ్వడగకపోతే నేనే ఒచ్చి అడుగుత."

ఈరోజు మధ్యాహ్నం అన్న టీవీవాళ్లను ఆఫీసుకు పిలిచి, సమస్యలు లేని డివిజన్ గురించి చెబుతున్నారు. నేను పక్కన నిలబడి రాసుకుంటున్నాను. తలెత్తేసరికి అద్దం అవతల వాసంతి ఉంది. మెడలో టేపు అట్లాగే వేలాడుతోంది. మొహం కందిపోయింది. ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, రెండో చేత్తో డ్రములు చూపించి, పైకి చూపించి, నన్ను చూపించి ఏదో అంటోంది. అద్దం మీద కొట్టింది కూడా. నాకు వినపడలేదు, వినపడాల్సిన పనీ లేదు. ఆ మాటలన్నీ నాకు నోటికొచ్చు.

కెమెరా అటు తిరిగింది. అన్న కూడా తిరిగి చూశారు.

"ఎవరామె? ఏమంటున్నది?"

డ్రములు నా మోకాలికి తగులుతున్నాయి. ఇంతకంటే మంచి అదను రాదని నాకు తెలుసు. నోరు తెరిచాను.

"మన డివిజన్ ఆడబిడ్డనే అన్నా. మీరు చల్లగుండాలని దీవిస్తున్నది."

అన్న కళ్లు చెమ్మగిల్లాయి. కుర్చీలోంచి లేచి, అద్దం దగ్గరికి వెళ్లి, ఆమెకు రెండు చేతులూ జోడించారు. కెమెరా ఇంకా నడుస్తోంది. మీడియా కన్వీనర్ని గనక, పక్కనే నిలబడి నేనూ జోడించాను.