విలియం అన్నయ్య ఉపన్యాసానికి ఆటల డబ్బా అనుమతి

లంచం ముట్టకుండా, మొహమాటపడకుండా, భోజన విరామం కూడా తీసుకోకుండా పనిచేసే అధికారి ఈ దేశం మొత్తమ్మీద ఒక్కరే ఉన్నారు. వారు భిలాయి సెక్టర్ 7లో, మా పక్క క్వార్టరు విలియం అన్నయ్య టీవీ కింద, లేసు గుడ్డ మీద నివాసముంటున్నారు. నల్లగా, నున్నగా ఉంటారు. అసలు ఉద్యోగం ఆటలాడించడం. అన్నయ్య కూతురు మెర్లిన్ తన జీతంతో కొనుక్కున్న గేమ్ కన్సోల్ అది. వీడియోలు చూపించడం వారికి అదనపు బాధ్యత. (మేము డబ్బా అంటాం. ఎదురుగా అనం.)

వారి ముందుకొచ్చిన కేసు చాలా చిన్నది. విలియం అన్నయ్య స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో రిటైరైన రోజున సన్మానం చేసేరు. దండలేసి, డోలు వాయించుకుంటూ ఇంటిదాకా తెచ్చి అప్పజెప్పేరు. ఇక్కడ అదో ఆనవాయితీ. అంతకుముందు అన్నయ్య స్టేజీ ఎక్కి మాట్లాడేడు. ఫోర్‌మన్‌కి కృతజ్ఞతలు చెప్పేడు. క్యాంటీన్ వాళ్ళకి చెప్పేడు. ఆఖరికి క్రేనుకి కూడా చెప్పేడు. భార్య పేరు మాత్రం ఎత్తలేదని లూసీ వదిన అభియోగం. ఎత్తేను, సరిగ్గా అప్పుడే డోలువాళ్ళు మొదలెట్టీసేరని అన్నయ్య వాదన.

"ముప్ఫయ్యేళ్ళు ఏ షిఫ్టుకా షిఫ్టు క్యారేజీ కట్టేను. క్రేను కట్టిందేటి?" అంది వదిన. ఆ రోజు నుంచి ఆయనతో మాటల్లేవు. అన్నంలోకి పచ్చడి కావాలన్నా మెర్లిన్ ద్వారా అర్జీ పెట్టుకోవాల్సిందే. మనిషి చిక్కి సగమైపోయేడు.

సాక్ష్యం ఒక్కటే, వీడియో. తీసినాయన క్యాంప్ 1లో ఉంటాడు. కొత్త కెమెరా కొన్నాడట, సీడీలో వేస్తే బొమ్మ పాడైపోద్దని హార్డ్‌డిస్కులో ఇచ్చేడు. వైశాలి నగర్‌లో తను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్‌కి వస్తే అక్కడే చూడొచ్చని మెర్లిన్ అంది.

"నా మొగుడు నా పేరు చెప్పేడా లేదా అని ఊరి మీదకెళ్ళి చూడాలేటి? నా ఇంట్లో, నా టీవీలో చూస్తాను," అంది వదిన. ఆ విధంగా డబ్బాగారికి అధికార పరిధి ఏర్పడింది.

మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నయ్య కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి డిస్కు గుచ్చేడు. డబ్బాగారు దాన్ని చూళ్ళేదు. చూసి వద్దనడం కాదు, అసలక్కడ ఏమీ లేదన్నారు.

"డాడీ, యే ఎన్‌టీఎఫ్‌ఎస్ హై. దీనికి ఫ్యాట్ థర్టీటూ కావాలి," అంది మెర్లిన్. అంటే ఏమిటని అడిగితే ఓపిగ్గా చెప్పింది పిల్ల. లోపలి సామాను అదే, సర్దిన పద్ధతి వేరు. తన పద్ధతిలో సర్దని బీరువాని డబ్బా బీరువాగా గుర్తించదు. కొత్త రాష్ట్రం వచ్చి ఇన్నేళ్ళయినా పాత మధ్యప్రదేశ్ నంబరు స్కూటరు వేసుకుని మా ఆయన ఇక్కడ దర్జాగా తిరుగుతున్నాడు. ఛత్తీస్‌గఢ్‌కి ఉన్న విశాల హృదయం ఈ డబ్బాకి లేకపోయింది.

సర్దుడు మార్చుకొచ్చింది మెర్లిన్. ఇప్పుడు వీడియోయే అందులో పట్టలేదు. ఆ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ నాలుగు జీబీలు దాటకూడదట. డిస్కు నిండా ఖాళీయే. (ఖాళీ ఉండడం వేరు, చోటివ్వడం వేరు. అద్దె కొంప కోసం తిరిగిన వాళ్ళకి ఇది కొత్త కాదు.)

ఇక్కడ మా ఆయన ప్రవేశించేడు. పేరు చినబాబు. ఆయనదీ అన్నయ్య పనిచేసిన మిల్లే.

"పొడుగైపోతే కొయ్యాల. ఇందులో ఏటుంది?" అన్నాడు.

మెర్లిన్‌తో సెంటర్‌కి వెళ్ళి దగ్గరుండి మరీ కోయించేడు. కోసేముందు ప్లాంటు పద్ధతిలో ఆ కంప్యూటరుకి 'మనుషులు పనిచేస్తున్నారు, ముట్టరాదు' అని ఎర్ర అట్ట కట్టేడు. విప్పడం మర్చిపోయి వచ్చీసేడు. (ఆ కంప్యూటరుని వారం రోజులు ఎవరూ ముట్టుకోలేదని వినికిడి.)

మరుసటి ఆదివారం డబ్బాగారు ముక్కల్ని గుర్తించేరు. పేర్లు కూడా చదివేరు. ఆ తర్వాత, ఈ ఫార్మాటుకి సపోర్టు లేదని తెర మీద మర్యాదగా రాసేరు.

"ఎంకేవీ నహీ చల్తా, అంకుల్. దీనికి నడిచేది ఎంపీఫోర్ ఒక్కటే, అందులోకి మార్చాలి," అంది మెర్లిన్.

మా ఆయన మళ్ళీ బయల్దేరేడు. మెర్లిన్ అన్నీ సిద్ధం చేసిచ్చి, క్లాసు చెప్పడానికి పక్కగదిలోకి వెళ్ళిందట. ఈయన ఒంటరిగా ఆ కంప్యూటరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చి, విజయవంతంగా తిరిగొచ్చేడు.

ఆఖరికి ఆ పై ఆదివారం బొమ్మ పడింది. అబ్బ, ఎంత బావుందో! దండల్లో పువ్వులు కూడా విడివిడిగా కనిపించేయి. అన్నయ్య స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని నోరు తెరిచేడు. మాట రాలేదు. మెర్లిన్ సౌండు పెంచింది. ఇంకా పెంచింది.

"అంకుల్, సౌండు ఏమైంది?"

"తీయించీసేను తల్లీ," అన్నాడు మా ఆయన. "డోలు గోల్లో మాట వినపడలేదన్నారు కదేటి? అందుకే కంప్యూటరు అడిగితే గోల తీసీమన్నాను."

మీరు నవ్వుతారు గానీ, ఆయన తప్పు లేదు. మిల్లు చప్పుడులో మాట్లాడుకోవడం కుదరదు. వాళ్ళ కబుర్లన్నీ చేతి సైగలే. మా ఇంట్లో ఈనాటికీ ఉప్పు సైగతోనే అడుగుతాడు.

"మాటెందుకు? చేతులు చూస్తే తెలిసిపోద్ది," అని టీవీకి దగ్గరగా జరిగేడు.

తెర మీద అన్నయ్య ఆడవాళ్ళ వరస వైపు తిరిగేడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని మెల్లగా పైకెత్తేడు.

"అదిగో! అప్పుడే నీ పేరు!" అని కుర్చీలోంచి లేచిపోయేడు అన్నయ్య.

"చేత్తో ఏటన్నారు?" అని వదిన మా ఆయన్నడిగింది.

అబద్ధమాడ్డం తెలీని మనిషి. "లోడు బిగించీసేం, పైకి లేపీ అని క్రేనువాడికి చెప్పే సైగమ్మా," అన్నాడు.

"నన్నా?"

నేను మా ఆయన తొడ మీద గట్టిగా గిల్లేను. అసలు ఫైలు సెంటర్‌లోనే ఉంది, సౌండుతో మళ్ళీ చేస్తానని మెర్లిన్ ఏదో అనబోయింది. వదిన చెయ్యెత్తి ఆపి, ఇన్నాళ్ళకి మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది.

"డబ్బా వద్దు, డిస్కూ వద్దు. మీరిక్కడే ఉన్నారు, నానిక్కడే ఉన్నాను. డోలు కూడా లేదు. ఆ రోజు నా గురించి ఏటన్నారో అది ఇప్పుడు నోటితో సెప్పండి. సాలు."

నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగీసేయి. సెప్పీవయ్యా బాబూ, ఒక్క ముక్క సెప్పీ, అని లోపల్లోపల మొక్కుకున్నాను.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. వదిన్ని చూసేడు. మమ్మల్ని చూసేడు. లేసు గుడ్డ మీది డబ్బాగారి వంక చూసేడు.

"సౌండుతో మళ్ళీ చేయించి," అన్నాడు, "వచ్చే ఆదివారం పెడదాంలే."

వదిన లేచింది. లోపలికెళ్ళి ట్రేలో టీ తెచ్చింది. నాకిచ్చింది, మెర్లిన్‌కిచ్చింది, సౌండు తీయించిన మా ఆయనకి కూడా ఇచ్చింది. అన్నయ్య చెయ్యి చాపేడు.

"మీకు వచ్చే ఆదివారం," అంది వదిన.